చల్లని ఇంజన్ స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లకే ఆగిపోతోంది. ట్యాంకులోని పెట్రోల్ పంపు మార్చమంటున్నారు

కోనసీమ ప్రయాణికుడు (అమలాపురం)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2012లో హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్ అయిన 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఇప్పటికి లక్ష కిలోమీటర్లు దాటింది. కొంతకాలంగా ఉదయం మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ వెంటనే అందుకుంటుంది గాని, రెండు మూడు సెకన్లు తిరిగిన తర్వాత ఆర్‌పీఎం ముల్లు ఐదు వందల కిందికి జారిపోయి, బండి మొత్తం ఒకసారి వణికి ఆగిపోతుంది. యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కి పట్టుకుంటే ఆగకుండా తిరుగుతుంది, కాలు తీస్తే మళ్ళీ పడిపోతుంది. అలా కొద్ది నిమిషాలు రేస్ ఇస్తూ వేడెక్కనిస్తే, ఆ తర్వాత రోజంతా బండికి ఏ జబ్బూ లేనట్టు నడుస్తుంది.

మా ఊళ్ళో షెడ్డువారు ముందు స్పార్క్ ప్లగ్గులు మార్చారు, తర్వాత ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఆ తర్వాత బ్యాటరీ బలహీనంగా ఉందని అదీ మార్పించారు. ఏమీ తేడా రాలేదు. ఇప్పుడు ట్యాంకులోని పెట్రోల్ పంపు మొత్తం సెట్టుగా మార్చాలంటున్నారు, అది ఖర్చుతో కూడిన పని. చెక్ ఇంజన్ దీపం వెలగడం లేదు. పంపు మార్చే ముందు ఇంకేమైనా చూడవలసినవి ఉంటే పెద్దలు చెప్పగలరు.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ)

ఇంజన్ ఆగిపోతోంది అనే మాట ఒక్కటే అయినా, అది ఏ తీరున ఆగుతోందో చూస్తే సగం పని అయిపోతుంది. తాళం స్టార్ట్ స్థానంలో ఉన్నంతసేపు ఇంజన్ తిరిగి, తాళం వదిలి ఆన్ స్థానానికి రాగానే తక్షణం చచ్చిపోతే, ఇగ్నిషన్ స్విచ్‌లోని కాంటాక్టులనో మెయిన్ రిలేనో అనుమానించాలి. స్టార్ట్ అయిన ఒకటి రెండు సెకన్లకు, యాక్సిలరేటర్ తొక్కినా తొక్కకపోయినా ఒకే తీరుగా, ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోతూ, మీటర్‌లో తాళం బొమ్మ దీపం మిటకరిస్తే అది ఇమ్మొబిలైజర్. తాళంలోని చిప్‌ను కంప్యూటర్ గుర్తించక పెట్రోల్ ఇవ్వడం మానేస్తుంది. రెండో తాళంతో ఒకసారి ప్రయత్నిస్తే ఆ విషయం అక్కడికక్కడే తేలిపోతుంది. తొక్కినకొద్దీ ఇంకా నీరసించి, మిస్ కొడుతూ ఆగితే పెట్రోల్ అందడం లేదని అర్థం.

మీ బండి ఈ మూడింటిలోనూ చేరదు. తొక్కితే నిలబడుతోంది అంటే నిప్పు ఉంది, పెట్రోల్ కూడా వస్తోంది. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, దానికి అవసరమైన గాలో, ఆ గాలికి తగిన పెట్రోలో, రెండింట్లో ఒకటి సరిపోవడం లేదు. పంపు నీరసిస్తే ఆ నీరసం ఐడ్లింగ్‌లో కంటే బరువు మీద ముందుగా కనబడుతుంది. రావులపాలెం గౌతమి వంతెన దాటి హైవే మీద వేగంగా పోయేటప్పుడు గాని, నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసి ఎత్తు ఎక్కేటప్పుడు గాని బండి లాగకుండా పోతోందా? లాగుతోంటే పంపు డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పండి. తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా ఉంటే వెనుక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు పంపు మూలుగు వినబడుతోందా? వేడి మీద ఏసీ వేస్తే ఐడ్లింగ్ పడిపోతోందా? సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి ఆగేటప్పుడు ఎప్పుడైనా ఆగిపోయిందా?

ఒక హెచ్చరిక కూడా చెబుతాను. వేడెక్కేదాకా రోడ్డు ఎక్కకండి. కదులుతున్న బండిలో ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్ళకే అయిపోయి ఆ తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. అలాగే మూసిన షెడ్డులో నిలబెట్టి రేస్ ఇవ్వకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

సాగరతీరం (విశాఖపట్నం)

పాతకాపు గారి విభజన బాగుంది గాని, నా ఓటు ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే థ్రోటిల్ బాడీకే. లక్ష కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ బండిలో సీతాకోకచిలుక పలక అంచు చుట్టూ, క్రాంక్‌కేసు నుంచి వచ్చే నూనె ఆవిరి పేరుకుని నల్లటి మసి వలయం ఏర్పడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు గాలి వెళ్ళవలసిన ఆ సన్నని సందే మూసుకుపోతే ఇంజన్ ఊపిరాడక ఆగిపోతుంది. మీది కేబుల్‌తో లాగే థ్రోటిల్ అయితే, పక్కదారిన గాలి పంపే ఐడిల్ వాల్వ్ కూడా అదే మసితో బిగుసుకుని ఉంటుంది. స్టార్ట్ అయిన తొలి క్షణాల్లో ఎక్కువ గాలి ఇవ్వవలసింది ఆ వాల్వే కనుక లక్షణం సరిగ్గా సరిపోతోంది.

థ్రోటిల్ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి గాని, లోపలికి కుమ్మరించకూడదు. కేబుల్ లేని, మోటారుతో నడిచే థ్రోటిల్ అయితే తాళం ఆన్‌లో ఉండగా పలకను వేలితో తోయకూడదు, గేర్లు పాడవుతాయి. శుభ్రం చేశాక చాలా బండ్లు కొంతసేపు ఐడ్లింగ్‌ను కొత్తగా నేర్చుకోవాలి. అది తెలియక, శుభ్రం చేశాక ఇంకా చెడిపోయిందని గొడవపడేవారు మా దగ్గర చాలామంది ఉన్నారు.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ)

మసి తుడవడం మంచిదే, కాదనను. కానీ మసికి చల్లదనం, వేడి అన్న తేడా అంతగా ఉండదు. ఆ సందు మూసుకుపోయిన బండి మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర కూడా ఆగిపోతుంది, ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే తల వంచుతుంది. ఈయన బండి పొద్దున తప్ప మిగతా సమయమంతా బాగుంటోంది. వారి జవాబు రానివ్వండి.

కోనసీమ ప్రయాణికుడు (అమలాపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. పంపు మూలుగు స్పష్టంగా వినబడుతోంది. హైవే మీద బండి ఎప్పటిలాగే లాగుతోంది. వేడెక్కిన తర్వాత ఏసీ వేసినా ఐడ్లింగ్ పడిపోవడం లేదు, సిగ్నళ్ళ దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. సాగరతీరం గారు చెప్పినట్టు థ్రోటిల్ బాడీ విప్పించి తుడిపించాను. గోధుమ, నలుపు కలిసిన జిడ్డు వలయం నిజంగానే ఉంది, ఐడిల్ వాల్వ్ మొన కూడా నల్లగా ఉంది. తుడిచాక వేడి మీద ఐడ్లింగ్ ఇంకాస్త నున్నగా అయింది గాని, మర్నాడు పొద్దున మాత్రం యథాప్రకారం ఆగిపోయింది.

షెడ్డులో మరొకరు ఇదంతా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్ల వచ్చిన జబ్బేనని, బంకు మార్చి చూడమని అన్నారు. మార్చి చూశాను, తేడా లేదు. బజారు దాకా వెళ్ళి వచ్చినా చాలు, ఇంటి ముందు ఆపేటప్పటికి రేడియేటర్ ఫ్యాన్ హోరుమని తిరుగుతూ ఉంటోంది. అది ఎండల వల్ల కావచ్చని నేను పట్టించుకోలేదు.

భాగ్యనగర్ స్కానర్ (హైదరాబాద్)

ఇంతసేపూ మౌనంగా చదువుతున్నాను గాని, చివరి వాక్యం చూసి రాయకుండా ఉండలేకపోయాను. బజారు దాకా వెళ్ళివస్తేనే ఫ్యాన్ తిరుగుతోందంటే, ఇంజన్ నిజంగా మరిగిపోతూ అయినా ఉండాలి, లేదా మరిగిపోతున్నానని కంప్యూటర్‌కు ఎవరో అబద్ధం చెబుతూ అయినా ఉండాలి. మొదటిది అయితే మీరు ఈపాటికి ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, పోసుకుంటూ తిరుగుతుండేవారు. కాబట్టి కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ చెబుతున్న అంకె ఎంతో చూడాలి.

ఇంకో చిన్న పరీక్షకు పరికరమేమీ అవసరం లేదు. ఆ తరం హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి ఉష్ణోగ్రత ముల్లు ఉండదు. చల్లగా ఉన్నప్పుడు నీలి దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం వెలుగుతాయి. మీ బండిలో ఆ నీలి దీపం ఉంటే, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు అది వెలుగుతోందా?

బండి కంప్యూటర్ చూసే అంకెలను బ్లూటూత్‌తో ఫోనులో చూపించే ఓబీడీ డాంగిల్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా పదమూడు నగరాలకు ముందుగా వచ్చాయి. మీ బండి హైదరాబాద్ రిజిస్ట్రేషన్ కనుక స్టీరింగ్ కింద డాంగిల్ పెట్టే పదహారు పిన్నుల సాకెట్ ఉండే అవకాశం బాగా ఉంది. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లవారాక సెల్ఫ్ కొట్టకముందే తాళం ఆన్ చేసి మూడు అంకెలు చూడండి: కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) పీడనం. రాత్రంతా నిలిచిన ఇంజన్‌లో నీరు, గాలి, ఇనుము అన్నీ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చి ఉంటాయి కనుక మొదటి రెండు అంకెలు రెండు మూడు డిగ్రీల తేడాలో కలవాలి. ఇంజన్ తిరగనప్పుడు మానిఫోల్డ్ పీడనం అంటే బయటి వాతావరణ పీడనమే. మీది సముద్రమట్టం కనుక అది నూరు కిలోపాస్కళ్ళ దగ్గర ఉండాలి, మా హైదరాబాద్ ఎత్తున ఉంది కనుక ఇక్కడ తొంభై అయిదు దగ్గర చూపిస్తుంది. ఈ మూడూ కలిస్తే గాలి లీకు, ఈజీఆర్ (కాలిన పొగను కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్), క్రాంక్ సెన్సర్ అంటూ మిగతా వాటి వైపు వెళ్దాం.

ఇథనాల్ సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ, పాత రబ్బరు గొట్టాలకు అంత మంచిది కాదు, ఇవన్నీ నిజాలే. కానీ ట్యాంకులో నీరు చేరితే బండి పొద్దున ఐడ్లింగ్‌లోనే ఆగి, హైవే మీద హాయిగా లాగదు.

మిషిగన్ తెలుగువాడు (అమెరికా)

ఇదే లక్షణంతో మరో జబ్బు కూడా ఉంటుందని చెప్పడానికి రాస్తున్నాను. ఇక్కడ నా బండి పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ, బంకులోంచి బయటికి తీయబోతుండగా స్టార్ట్ అయి ఆగిపోయేది. తొక్కితే నిలబడేది, మిగతా వేళల్లో బాగుండేది. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని బొగ్గు డబ్బాలో దాచి, ఇంజన్ నడుస్తున్నప్పుడు కొద్దికొద్దిగా లోపలికి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని బిగుసుకుపోవడమే అసలు కారణం. ట్యాంకు నిండగానే ఆవిరంతా ఒక్కసారిగా మానిఫోల్డ్‌లోకి వచ్చి మిశ్రమం మరీ చిక్కగా మారేది. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా డబ్బా వైపు నుంచి వచ్చే గొట్టాన్ని వాల్వ్ దగ్గర తీసి, ఆ మూతి మీద వేలు పెడితే పీల్పు తెలియకూడదు. పీల్చుకుంటోంటే వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట. కోనసీమ గారికి పెట్రోల్ కొట్టించడానికీ, ఆగిపోవడానికీ సంబంధం కనబడనంత వరకు నేను దీన్ని ముందు వరుసలో పెట్టను.

భాగ్యనగర్ స్కానర్ గారు చెప్పిన సెన్సర్ జబ్బు మా దగ్గర చలికాలంలో వస్తే ఇంజన్ ఆగిపోవడం దాకా కూడా వెళ్ళదు, అసలు అందుకోదు. కోస్తా ఉదయాల్లో ఇంజన్ పాతిక డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి స్టార్ట్ అయ్యాక ఆగుతోంది.

కోనసీమ ప్రయాణికుడు (అమలాపురం)

మా తోడల్లుడి డాంగిల్ తెచ్చి పొద్దున్నే చూశాను. సెల్ఫ్ కొట్టకముందు, తాళం ఆన్‌లో ఉండగా: గాలి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, మానిఫోల్డ్ పీడనం 100 కిలోపాస్కళ్ళు, కూలెంట్ ఉష్ణోగ్రత 84 డిగ్రీలు. అంకె తప్పు చదివానేమోనని బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి వేస్తే చల్లగానే ఉంది. తర్వాత స్టార్ట్ చేసి, తొక్కి పట్టుకుని బాగా వేడెక్కనిస్తే అదే అంకె 106 దాకా ఎక్కింది, ఫ్యాన్ ఎంతకీ ఆగలేదు. నీలి దీపం మా బండిలో ఉంది గాని, ఉదయం వెలగడం లేదు. చివరిసారి ఎప్పుడు చూశానో గుర్తు రావడం లేదు.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ)

అయితే దొంగ దొరికినట్టే. కార్బ్యురేటర్ రోజుల్లో మారుతి 800 నడిపినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. చల్లని ఇంజన్‌లో పెట్రోల్ పూర్తిగా ఆవిరి కాదు, కొంత భాగం మానిఫోల్డ్ గోడలకే తడిగా అంటుకుని ఉండిపోతుంది. అందుకని పొద్దున్న చోక్ లాగి గాలి తగ్గించి, మిశ్రమాన్ని చిక్కబరిచేవాళ్ళం, వేడెక్కాక చోక్ మళ్ళీ లోపలికి తోసేవాళ్ళం. ఇప్పటి బండిలో చోక్ గుండీ లేదు. ఆ పనిని కంప్యూటర్ చేస్తుంది, ఎంత చేయాలో కూలెంట్ సెన్సర్ చెప్పే అంకెను బట్టి నిర్ణయిస్తుంది. మీ కంప్యూటర్‌కు 84 డిగ్రీలని అందుతోంది కనుక అది వేడి ఇంజన్‌కు ఇవ్వవలసినంత పెట్రోల్ మాత్రమే ఇచ్చి, ఐడిల్ వాల్వ్‌ను కూడా వేడి ఐడ్లింగ్ స్థానంలోనే ఉంచుతోంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇచ్చే తొలి పెట్రోల్‌తో అందుకుని, అది కాలిపోగానే నీరసించి ఆగుతోంది. మీరు తొక్కినప్పుడు గాలీ, దానితోపాటు పెట్రోలూ పెరిగి నిలదొక్కుకుంటోంది.

ఇక సెన్సరే చెడిందా, వైరింగా అన్నది తేల్చాలి. వేడి పెరిగినకొద్దీ నిరోధం తగ్గే రకం సెన్సర్ అది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దాని కప్లర్‌ను (తీగలు కలిపే ప్లగ్గు) పీకి, తాళం ఆన్ చేసి డాంగిల్‌లో చూడండి. అంకె మైనస్ 40కి పడిపోతే వైరింగ్, కంప్యూటర్ బాగున్నట్టు. పీకినా 84 దగ్గరే ఉంటే ఆ రెండు తీగలు దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి తాకుతున్నట్టు. ఆ తర్వాత మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి సెన్సర్ రెండు పిన్నుల మధ్య కొలవండి. 28 డిగ్రీల వద్ద చాలా బండ్ల సెన్సర్లు రెండు వేల ఓమ్‌లకు అటూ ఇటూ చూపిస్తాయి. మూడు వందల దగ్గర ఉంటే అది ఎనభై పై డిగ్రీల అంకె. కప్లర్ పీకినప్పుడు చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది, కంగారు పడకండి. తర్వాత డాంగిల్‌తో తుడిచేయవచ్చు.

సీఎన్‌జీ టాక్సీ (గుంటూరు)

ఇదే చర్చలో నా బాధ కూడా చెప్పుకోవచ్చా అండీ? నా బండి పెట్రోల్ మీద స్టార్ట్ అయి బాగానే తిరుగుతుంది, గ్యాస్‌కు మారగానే టక్కున ఆగిపోతుంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే అవుతుంది, మళ్ళీ మారే సమయానికి ఆగుతుంది. నాది కూడా ఈ సెన్సర్ సమస్యేనా?

భాగ్యనగర్ స్కానర్ (హైదరాబాద్)

టాక్సీ గారూ, మీది వేరే దారి. స్విచ్‌ను పెట్రోల్‌లోనే ఉంచి ఒక పూట నడపండి. ఎక్కడా ఆగకపోతే ఇంజన్ బాగుంది, జబ్బు గ్యాస్ కిట్‌లో ఉందని తేలిపోతుంది. అప్పుడు గ్యాస్ ఫిల్టర్, రెడ్యూసర్ (సిలిండర్ గ్యాస్ పీడనాన్ని తగ్గించే పరికరం) పీడనం, సిలిండర్ వాల్వ్ దగ్గరి సోలినాయిడ్ చూపించండి. రెడ్యూసర్‌ను వెచ్చబరిచేది ఇంజన్ కూలెంటే. పీడనం ఒక్కసారిగా తగ్గినప్పుడు గ్యాస్ విపరీతంగా చల్లబడుతుంది కనుక, కూలెంట్ తగ్గి ఆ వెచ్చదనం అందకపోతే రెడ్యూసర్ మీద మంచు కడుతుంది. చేత్తో తాకితేనే తెలుస్తుంది. గ్యాస్ పనులు గుర్తింపు ఉన్న కిట్ షెడ్డులోనే చేయించండి. ఇంకొక మాట, టాక్సీవారు చాలామంది పెట్రోల్‌ను రిజర్వు మీదే ఉంచుతారు. ట్యాంకులోని పంపుకు ఆ పెట్రోలే చల్లదనం కనుక, అలా నడిపితే అది తొందరగా కాలిపోతుంది.

కోనసీమ ప్రయాణికుడు (అమలాపురం)

ఈ ఉదయం పాతకాపు గారు చెప్పిన పరీక్షలన్నీ చేశాను. సెన్సర్ మా బండిలో థర్మోస్టాట్ గూడు పక్కన, బ్యాటరీ కింద దాక్కుని ఉంది, టార్చి లైటు వేస్తే గాని కనబడలేదు. కప్లర్ క్లిప్పును నొక్కి లాగగానే లోపల రెండు పిన్నుల మధ్య పచ్చటి పొడి, దాని కింద కూలెంట్ వాసన వేసే తడి కనిపించాయి. కప్లర్ పీకి తాళం ఆన్ చేస్తే అంకె సరిగ్గా మైనస్ 40కి పడిపోయింది. సెన్సర్ పిన్నుల మధ్య 290 ఓమ్‌లు చూపించింది. పొడినంతా పాత టూత్‌బ్రష్‌తో గీకి ఆరబెట్టి మళ్ళీ కొలిస్తే 340 వచ్చింది, అంతకు మించి పెరగలేదు.

కప్లర్ ఊడదీసే ఉంచి స్టార్ట్ చేశాను. చెక్ ఇంజన్ దీపం వెలిగింది, ఫ్యాన్ వెంటనే తిరగడం మొదలుపెట్టింది. కానీ ఇంజన్ మాత్రం ఆగలేదు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనే లేదు.

సాగరతీరం (విశాఖపట్నం)

సెన్సరే అని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. కానీ నాకు ఒక సందేహం మిగిలింది. కంప్యూటర్ ఇన్ని సెన్సర్లను చూస్తూ కూర్చుని, చల్లని ఇంజన్ 84 డిగ్రీలు చెబుతోంటే ఎందుకు దీపం వెలిగించలేదు? దీపం లేదు కనుక ఎలక్ట్రికల్ లోపం ఉండదనే కదా షెడ్డువారు పంపు వైపు వెళ్ళింది.

భాగ్యనగర్ స్కానర్ (హైదరాబాద్)

మంచి ప్రశ్న. కంప్యూటర్ ప్రధానంగా చూసేది సర్క్యూట్ తెగిందా, షార్ట్ అయిందా అని. తెగితే మైనస్ 40, పూర్తిగా షార్ట్ అయితే సాధ్యం కానంత వేడి. ఆ రెండు అంచులూ తాకినప్పుడే పి0117, పి0118 లాంటి కోడ్‌లు పడతాయి. 84 డిగ్రీలు అనేది ఏ ఇంజన్‌కైనా సహజమైన అంకె. దాన్ని తప్పు అని పట్టుకోవాలంటే, రాత్రంతా నిలిచిన తర్వాత గాలి ఉష్ణోగ్రతతో పోల్చి చూడాలి. ఆ పోలిక చేసే తెలివి తర్వాతి తరాల బండ్లలో పెరిగింది గాని, 2012 నాటి అన్ని బండ్లలో ఉంటుందని ఆశించలేం. అందుకే డాంగిల్ పెట్టి కోడ్ లేదు అని తీసేయడం సరికాదు. కోడ్ లేనప్పుడే ప్రత్యక్ష అంకెలు చదవాలి. మన షెడ్డుల్లో స్కానర్ లేని చోటు ఇప్పుడు అరుదే, ఆ ప్రత్యక్ష అంకెల పేజీ తెరిచేవారే తక్కువ.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ)

కూలెంట్ సెన్సర్ శరీరంలోంచే ఊరి పిన్నుల దాకా వచ్చింది కనుక దాన్ని బాగు చేసే పని లేదు, కొత్తది వేయాలి. విడిభాగాల కొట్టులో పాత సెన్సర్‌ను చూపించి, దాని మీది నంబరు కలిపి తీసుకోండి. ఒకే మరలతో, ఒకే కప్లర్‌తో ఉండి ఓమ్‌ల లెక్క వేరుగా ఉండేవి దొరుకుతాయి, అవి వేస్తే మళ్ళీ ఇదే గోల.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న నీరు ముఖాన కొడుతుంది. సెన్సర్ విప్పగానే కొంత కూలెంట్ కారుతుంది, కొత్తది చేతిలో సిద్ధంగా ఉంచుకుని మార్చేస్తే ఎక్కువ పోదు. కింద గూడు అల్యూమినియంది, కొన్నింటిలో ప్లాస్టిక్‌ది. బలమంతా పెట్టి బిగిస్తే పగులుతుంది. వాషర్ లేదా రబ్బరు రింగు కొత్తది వేయండి. కప్లర్ వైపు ఉన్న పచ్చటి పొడిని కాంటాక్ట్ క్లీనర్‌తో కడగకపోతే అది తీగల్లోకి పాకుతుంది, ఈ పని మరవకండి.

పోయినంత కూలెంట్ మళ్ళీ పోసి, మూత తీసి ఉంచి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఐడ్లింగ్‌లో నడపండి. గాలి బుడగ సెన్సర్ దగ్గర నిలిచిపోతే కొత్త సెన్సర్ కూడా తప్పు అంకె చెబుతుంది. పంపు నీళ్ళు పోయకండి, మీ వైపు నీళ్ళలో ఉప్పు ఎక్కువ.

పాలమూరు డీజిల్ (మహబూబ్‌నగర్)

నాది కంప్యూటర్‌తో నడిచే కామన్‌రైల్ ఇంజన్లకు ముందు తరం డీజిల్ జీపు. రాత్రంతా నిలిచాక పొద్దున స్టార్ట్ అయి, కొద్దిసేపు తిరిగి ఆగిపోతుంది; చేతి పంపు కొట్టి గట్టిపరిస్తే మళ్ళీ అందుకుంటుంది. ఇందులో ఉష్ణోగ్రత సెన్సర్ లాంటిది ఏదీ లేదు. ఎక్కడ చూడమంటారు?

కోనసీమ ప్రయాణికుడు (అమలాపురం)

కొత్త సెన్సర్ వేసి, గాలి తీసి, కప్లర్ కడిగి రాత్రంతా ఉంచాను. పొద్దున తాళం ఆన్ చేస్తే కూలెంట్ 29, గాలి 28 చూపించాయి. సెల్ఫ్ కొట్టగానే నీలి దీపం వెలిగి, ఇంజన్ 1300 ఆర్‌పీఎం దగ్గర నిలబడి, వేడెక్కినకొద్దీ మెల్లగా దిగి 750 దగ్గర స్థిరపడింది. నీలి దీపం మధ్యలోనే ఆరిపోయింది. ఫ్యాన్ 96 డిగ్రీల దాకా కదల్లేదు, తిరిగాక మళ్ళీ ఆగింది. సెన్సర్‌కు వెయ్యి రూపాయల లోపే అయింది. ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో కూలెంట్ ఒక వేలు మందం తగ్గింది, మళ్ళీ పోశాను. ఇంకా తగ్గుతోందేమో చూస్తాను.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ)

తొలి కొద్ది రోజులు అలా కొంచెం తగ్గడం మామూలే, మిగిలిన గాలి బయటికి వస్తుంది. వారం తర్వాత కూడా తగ్గుతూ ఉంటే సెన్సర్ రింగు దగ్గర తడి ఉందేమో చూడండి.

పాలమూరు గారూ, చేతి పంపు కొడితే అందుకుంటోందంటే మీ డీజిల్ రాత్రికి రాత్రి ట్యాంకు వైపు జారిపోయి, దాని స్థానంలో గాలి చేరుతోంది. నిలిచిన కాస్త డీజిల్‌తో స్టార్ట్ అయి, గాలి వంతు రాగానే ఆగుతోంది. ఫిల్టర్ తర్వాత, ఇంజక్షన్ పంపుకు ముందు ఒక జానెడు పారదర్శక ప్లాస్టిక్ గొట్టం తాత్కాలికంగా పెట్టించండి. స్టార్ట్ చేసినప్పుడు అందులో బుడగలు పరుగెత్తితే గాలి అంతకు ముందే ఎక్కడో పీలుస్తోంది. అప్పుడు అదే గొట్టాన్ని ఒక్కొక్క జాయింటూ ట్యాంకు వైపు జరుపుకుంటూ పోతే, బుడగలు ఏ జాయింటు దాటాక కనబడకుండా పోతాయో ఆ జాయింటే లీకు. ఫిల్టర్ మూత రబ్బరు రింగు, చేతి పంపులోని వన్‌వే వాల్వ్, రిటర్న్ గొట్టాల వాషర్లు, ఈ వరుసలో చూడండి. ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదిలి నీళ్ళు కూడా దించేయండి.